మానిన మోకాలు, మానని జంకు

ఢిల్లీ మహానగరంలో కరోల్ బాగ్‌ను ఆనుకొని ఓల్డ్ రాజిందర్ నగర్ అనే పేట ఉన్నది. దేశ విభజన నాడు పశ్చిమ పంజాబు నుండి సర్వస్వం విడిచి వచ్చిన శరణార్థుల కోసం ఏర్పడిన నివాసప్రాంతమిది. ప్రథమ రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ పేరు దీనికి పెట్టారు. ప్రక్కనే ఉన్న సర్ గంగారామ్ ఆసుపత్రిని కూడా ఒక విధంగా కాందిశీకుల కోవలోనే చేర్చవచ్చు. 1921లో లాహోరులో మొదలైన ఆ సంస్థ 1954లో అదే పేరుతో ఇక్కడ తిరిగి వెలసింది. నేడు ఈ పేట సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువతీయువకులతో నిండి ఉంటున్నది. వారిలో మన తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. సాయంకాలం వేళ టీ దుకాణాల దగ్గర నిలబడితే గుంటూరు, కరీంనగరం, అనంతపురం యాసలు మూడూ ఒకేసారి చెవిని బడతాయి.

ఈ పేటలోనే ఒక మేడపై గదిలో ఉంటూ హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. ఒకనాటి సాయంత్రం తెలంగాణా నుండి శిక్షణకై వచ్చిన ఒక యువకుడు ఒక కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. అతడు విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన కబడ్డీ ఆటగాడు. మోకాలిలోని స్నాయుబంధం తెగి, శస్త్రచికిత్స జరిగి, అప్పటికి పది నెలలైంది. ఊరిలో పండుగ సెలవులకు జరిగే పోటీలలో తన పాత జట్టు తరఫున దిగాలని అతని ఆశ. దిగవచ్చునో కూడదో తేల్చడానికి ముందు ఫిజియోథెరపీ నిపుణురాలు అతని కండబలాన్ని పరీక్షించి, ఈ కాగితం నింపి తెమ్మని పంపింది. అందులో ఇంగ్లీషులో పన్నెండు ప్రశ్నలున్నాయి. ప్రతి ప్రశ్న క్రింద ఆమె చేతివ్రాతతో హిందీ అనువాదం ఉన్నది. ప్రతి ప్రశ్నకూ సున్న నుండి పది వరకు ఒక అంకెను గుర్తించాలి.

"అన్నా, ఘబరాహట్ అంటె భయమే కద? నాకేం భయం లేదు, పది పెడ్త" అన్నాడతడు. ఆ ప్రశ్నలో పది అంటే బెదురు బొత్తిగా లేదని అర్థం.

"కూతకు వెళ్ళినప్పుడు ఎలా ఉంటుంది తమ్ముడూ?" అని అడిగాను.

అతడు కొంతసేపు మాట్లాడలేదు. "గీత దాటంగనే గుండెల గుబులైతది అన్నా. పట్టువట్టెటోడు కుడి దిక్కు నుంచి వస్తుండంటె కాలు ముందట వడది" అన్నాడు.

పది కొట్టివేసి నాలుగు వేశాడు.

ఈ ఆరు అంకెల తేడా ఎక్కడి నుండి వచ్చింది? భయం, గుబులు అనే రెండు మాటల మధ్య నుండి వచ్చింది. ఆ కాగితం ఏమిటో, దానిని ఎవరు ఎందుకు తయారు చేశారో తెలుసుకోవాలని నాకు ఆనాడే కుతూహలం కలిగింది. ఆ విషయాన్నే పాఠకులకు విన్నవిస్తున్నాను.

మోకాలి లోపల రెండు స్నాయుబంధాలు గుణకారపు గుర్తు వలె ఒకదానినొకటి దాటుకుంటూ ఉంటాయి. ముందువైపు ఉన్న దానిని క్రీడాకారులందరూ ఏ.సి.ఎల్. అనే పొట్టి పేరుతో పిలుస్తారు. ముంగాలి ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు అదుపు తప్పి మెలి తిరగకుండా కాపాడేది ఇదే. పరుగెత్తుతూ హఠాత్తుగా దిశ మార్చినప్పుడు, ఎగిరి ఒంటికాలిపై దిగినప్పుడు, ఎదుటివాడు కాలు పట్టి లాగినప్పుడు ఇది తెగుతుంది. కబడ్డీ, బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్, కుస్తీ ఆటగాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. తెగిన బంధం స్థానంలో శరీరంలోనే మరొక చోటి నుండి తీసిన స్నాయువును అమర్చడం నేటి శస్త్రచికిత్సా పద్ధతి. ఆ పైన నెలల తరబడి వ్యాయామ చికిత్స జరుగుతుంది. తొమ్మిది నెలలు నిండక ముందే పోటీలలో దిగినవారికి మళ్ళీ గాయమయ్యే అవకాశం హెచ్చని నార్వే దేశంలో జరిగి 2016లో వెలువడిన పరిశీలన తేల్చింది. తొడ కండల బలం, ఒంటికాలి గెంతు దూరం బాగున్న కాలితో పోల్చితే నూటికి తొంభై పాళ్ళకు రావాలని సాధారణంగా వైద్యులు చూస్తారు. ఇంతవరకు కొలబద్ద, తూనిక, గడియారం చాలును.

అయితే 2014లో ప్రచురితమైన ఒక సమగ్ర సమీక్ష ఈ విషయాన్ని వేరొక వైపు నుండి చూపింది. 69 పరిశోధన వ్యాసాల నుండి, ఈ శస్త్రచికిత్స జరిగిన 7,556 మంది వివరాలు అందులో క్రోడీకరించారు. ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినవారు నూటికి 81 మంది. గాయానికి పూర్వపు స్థాయికి చేరినవారు 65 మంది. పోటీ క్రీడలకు తిరిగి వచ్చినవారు 55 మంది మాత్రమే. కాలు సాధారణంగా కోలుకున్నా, తక్కినవారు ఎందుకు నిలిచిపోయారు? కుటుంబ బాధ్యతలు, చదువు, ఉద్యోగం వంటి కారణాలు కొన్ని ఉన్నవి. కాని మళ్ళీ గాయమవుతుందేమో అన్న జంకు ఆ కారణాలలో పదే పదే కనిపిస్తుంది. శరీరం మైదానానికి సిద్ధమై, మనస్సు గీత దగ్గర ఆగిపోవడం అన్నమాట.

ఈ మనఃస్థితిని కొలవడానికి మొదట్లో వాడిన సాధనం క్రీడల కోసం పుట్టినది కాదు. దీర్ఘకాలపు నడుమునొప్పితో బాధపడేవారు కదలడానికే భయపడడం గమనించిన వైద్యులు 1991లో టాంపా కొలమానం అనే పదిహేడు వాక్యాల పట్టికను సిద్ధం చేశారు. ఒక్కొక్క వాక్యానికి ఒకటి నుండి నాలుగు వరకు మార్కులు; మొత్తం 17కు తగ్గదు, 68కి మించదు. ఎక్కువ వచ్చినకొద్దీ కదలికపట్ల భయం ఎక్కువ. నడుమునొప్పి రోగి వంగడానికి జంకడం వేరు, ఆటగాడు ఎదుటివాని మీదికి దూకడానికి జంకడం వేరు కదా! ఆటగాడికి ఆటే ప్రశ్న కావాలి.

ఆస్ట్రేలియాలో కేట్ వెబ్‌స్టర్, జూలియన్ ఫెల్లర్, క్రిస్టినా లాంబ్రోస్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ పని చేసి 2008లో ప్రకటించారు. మా యువకుని చేతిలోని కాగితం అదే. ఏ.సి.ఎల్.-ఆర్.ఎస్.ఐ. అనేది దాని వ్యవహార నామం. అందలి పన్నెండు ప్రశ్నలలో ఐదు ఉద్వేగాలకు సంబంధించినవి: ఆట తలచుకుంటే బెదురు ఉన్నదా, మనస్సు తేలికగా ఉన్నదా, ఆటలో ఉండగా కూడా మోకాలిని గుర్తుంచుకోవలసి రావడం చిరాకు కలిగిస్తున్నదా అన్న తీరులో ఉంటాయి. మరి ఐదు తన ఆటపైన, తన మోకాలిపైన ఆటగాడికి గల ధీమాను అడుగుతాయి. తక్కిన రెండు, మళ్ళీ గాయం తగిలే అవకాశాన్ని అతడు ఎంతగా ఊహిస్తున్నాడో తెలుసుకోవడానికి. అన్ని జవాబులూ కలిపి నూటికి లెక్క కడతారు. అంకె పెరిగినకొద్దీ సంసిద్ధత హెచ్చు. మరుసటి సంవత్సరం, అనగా 2009లో, డగ్లస్ గ్లేజర్ ఆరే ప్రశ్నలు గల మరొక కొలమానం ప్రచురించాడు. అది మోకాలికే పరిమితం కాదు. భుజం, చీలమండ, ఏ గాయానికైనా పనికివస్తుంది. ఒక్కొక్క ప్రశ్నకు నూరు మార్కులు, మొత్తాన్ని పదిచేత భాగిస్తే గరిష్ఠం 60.

ఇంతమాత్రపు కాగితాలు దేనికి ఉపయోగిస్తాయని పాఠకులు సందేహించవచ్చు. నేనూ సందేహించాను. శస్త్రచికిత్సకు ముందు, ఆ తరువాత నాలుగవ నెలలో ఈ పన్నెండు ప్రశ్నలకు వచ్చిన జవాబులకూ, ఏడాది గడిచాక ఆటగాడు పూర్వస్థాయికి చేరడానికీ సంబంధమున్నట్లు 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. అంటే ఎనిమిది నెలలు ముందుగానే కొంత సూచన దొరుకుతున్నది. ఆ ఎనిమిది నెలలలో మనస్సుకు కూడా వ్యాయామం చెప్పవచ్చు. 2015లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో సమావేశమైన నిపుణులు కూడా ఈ దృష్టితోనే, తిరిగి రావడం ఒకనాటి నిర్ణయం కాదన్నారు. సాధనలో పాల్గొనడం, ఆటకు తిరిగి రావడం, పూర్వపు ప్రతిభను అందుకోవడం అని దానిని మూడు మెట్లుగా చూడాలని చెప్పారు.

మన తెలుగుదేశపు క్రీడాచరిత్రలో ఈ కాగితాలు పుట్టక ముందటి ఒక ఉదాహరణ ఉన్నది. ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్ 1994లో పుణె నగరంలో జరిగిన జాతీయ క్రీడలలో డబుల్స్ ఆట ఆడుతూ తన భాగస్వామితోనే ఢీకొన్నాడు. మోకాలిలో ఈ స్నాయుబంధమే తెగింది. అప్పటికి అతని వయస్సు 20 సంవత్సరాలు. బ్యాడ్మింటన్ అంటే నాలుగు మూలలకూ దూకడం, మెలి తిరగడం, ఒంటికాలిపై దిగడం. గాయపడిన మోకాలికి ఇంతకంటె కఠిన పరీక్ష లేదు. శస్త్రచికిత్సల తరువాత అతడు తిరిగి వచ్చి 1996లో జాతీయ విజేత అయ్యాడు. ఆ బిరుదును 2000 వరకు వరుసగా ఐదేళ్ళు నిలుపుకున్నాడు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడలలో సింగిల్స్ కాంస్యం గెలిచాడు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15–12, 15–6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యాడు. 1980లో ప్రకాశ్ పదుకోనె సాధించిన తరువాత ఆ ఘనత పొందిన భారతీయుడు అతడే.

పుణెకూ బర్మింగ్‌హామ్‌కూ మధ్య ఏడేళ్ళున్నవి. ఆ ఏడేళ్ళ తొలిభాగంలో ఏ.సి.ఎల్. తెగిన ఆటగాడిని "దూకడానికి జంకుతున్నావా?" అని అంకెలలో అడిగే ప్రశ్నావళి ప్రపంచంలోనే లేదు. అటువంటి రోజులలో తిరిగి వచ్చినవారి పేర్లు మనకు తెలుసు. రాలేకపోయినవారి పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు. జిల్లా స్థాయిలో మెరిసి, మోకాలు మడతబడి, "వాడికి ధైర్యం చాలలేదు" అన్న ఒక్క మాటతో మరుగున పడిన పిల్లలు ప్రతి ఊరిలోనూ ఉంటారు. నా దృష్టిలో ఈ కొలమానాలు చేసిన గొప్ప మేలు ఇదే. జంకును స్వభావలోపంగా కాక, కండబలం వలెనే చికిత్సతో పెరిగే, తరిగే ఒక స్థితిగా చూడడం అవి నేర్పాయి.

ఈ సందర్భంలో మరి ఇద్దరిని స్మరించాలి. హర్యానాలో పుట్టి హైదరాబాదులో ఆట నేర్చిన సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి బాధతో ఓడి, ఆగస్టులో శస్త్రచికిత్స చేయించుకొని, 2017 జనవరిలో మలేషియా మాస్టర్స్ గెలిచింది. అదే రియోలో కుస్తీ క్వార్టర్ ఫైనల్స్‌లో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్‌పై వెలుపలికి వచ్చిన వినేశ్ ఫోగట్, 2018 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించింది. ఆ క్రీడలలో కుస్తీ స్వర్ణం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె.

అయినా అంకెను దైవవాక్కుగా భావించరాదు. స్పెయిన్ దేశపు కరోలినా మారిన్, రియో ఫైనల్స్‌లో మన పి.వి. సింధుకు ప్రత్యర్థిగా తెలుగువారందరికీ తెలిసిన క్రీడాకారిణి. 2019 జనవరిలో జకార్తాలో సైనాతో ఫైనల్స్ ఆడుతూ కుడి మోకాలి బంధం తెగి ఆట విరమించింది. ఎనిమిది నెలలలో తిరిగి వచ్చి చైనా ఓపెన్ గెలిచింది. 2021లో ఎడమ మోకాలు. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్స్‌లో, ఆధిక్యంలో ఉండగానే, మళ్ళీ కుడి మోకాలు. ఆమె పట్టుదలను శంకించేవారు ఎవరూ ఉండరు. పట్టుదల స్నాయువును కాపాడదు. పరిశోధనలు కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. సంసిద్ధత తక్కువగా ఉన్న యువ క్రీడాకారులలో రెండవ గాయం ఎక్కువని 2019లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పగా, సంసిద్ధత మరీ ఎక్కువగా ఉన్నవారికే బంధం తిరిగి తెగే ప్రమాదం ఎక్కువని 2022లో స్వీడన్ పరిశోధకులు కనుగొన్నారు. ఈ రెంటికీ వైరుధ్యం ఉన్నట్లు తోచినా, ఆలోచిస్తే రెండూ నమ్మదగినవే. జంకేవాడు ఆఖరి క్షణంలో కాలు వెనుకకు తీసి తడబడతాడు. జంకు అసలే లేనివాడు కండ సిద్ధం కాక ముందే దూకుతాడు. అందుచేత కాగితంపై అంకెను గెంతు పరీక్ష అంకె ప్రక్కన పెట్టి చదవాలి. మోకాలు నూటికి అరవై పాళ్ళే కోలుకొని, మనస్సు నూటికి తొంభైయైదు అంటున్న ఆటగాడిని చూసి శిక్షకుడు సంతోషించడం కంటె జాగ్రత్తపడడం మేలు.

జవాబులలో నిజాయితీ మరొక చిక్కు. మన దేశంలో క్రీడ ఎందరికో బ్రతుకుతెరువు. రైల్వేలలో, పోలీసు శాఖలో క్రీడాకారుల కోటా ఉద్యోగం కోసం ఒక కుటుంబమంతా ఎదురుచూస్తూ ఉంటుంది. జట్టును ఎంపిక చేసే వ్యక్తే ఆ కాగితాన్ని చదువుతాడని తెలిస్తే ఏ పిల్లవాడు నాలుగు వేస్తాడు? పది వేస్తాడు, కళ్ళు మూసుకొని వేస్తాడు. కనుక ఈ జవాబులు చికిత్స చేసేవారి దగ్గరే ఉండాలి, ఎంపిక సంఘం బల్లమీదికి రాకూడదు అన్నది నా నిశ్చితాభిప్రాయం. పటియాలాలో 1961లో స్థాపితమైన జాతీయ క్రీడా సంస్థ, 2010 కామన్వెల్త్ క్రీడలకు ముందు ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో వెలసిన క్రీడాగాయాల కేంద్రం వంటివి మనకున్నవి. పెద్ద క్రీడాకారులకు మనస్తత్వ నిపుణుల తోడు దొరుకుతున్నది. కాని కళాశాల జట్టు కుర్రవాడికి వ్యాయామోపాధ్యాయుడే వైద్యుడు, ఆయనే నిపుణుడు, ఆయనే ఎంపిక సంఘం.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. ఇటువంటి ప్రశ్నావళిని ఒక భాష నుండి మరొక భాషలోకి తేవడానికి అంతర్జాతీయంగా అంగీకరించిన పద్ధతి ఒకటున్నది. ఇద్దరు అనువాదకులు విడివిడిగా అనువదిస్తారు; వారిలో ఒకరికి వైద్య విషయం తెలిసి ఉండాలి, రెండవవారికి తెలియకూడదు. రెండు ప్రతులనూ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడనివారు దానిని తిరిగి మూలభాషలోకి మారుస్తారు. తేడాలను ఒక సంఘం పరిష్కరిస్తుంది. ఆ మీద ముప్ఫై నలభై మంది చేత నింపించి, ప్రతి మాటను వారు ఎలా అర్థం చేసుకున్నారో విచారిస్తారు. స్వీడిష్, ఫ్రెంచి మొదలైన భాషలలోకి ఈ పన్నెండు ప్రశ్నలు ఇలాగే వెళ్ళినవి. నవల అనువదించేటప్పుడు ఒక మాట కుదరకపోతే వాక్యమంతా మార్చుకునే స్వేచ్ఛ మాకుంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఒక్క మాటలో తూకం తప్పితే అంకె తప్పుతుంది.

ఆ రాత్రి ఆ యువకుడూ నేనూ కూర్చొని పన్నెండింటినీ తెలుగు చేసుకున్నాము. హిందీలోని ఆత్మవిశ్వాస్‌కు తెలుగులో ఆత్మవిశ్వాసం ఉండనే ఉన్నది, అక్షరం మారనవసరం లేదు. కాని ఆ మాట వినగానే అతడు పది వేస్తున్నాడు. ఈ పేట గోడలనిండా అంటించిన శిక్షణ కేంద్రాల ప్రకటనలలో ఉండే మాట అది. అది లేదని ఒప్పుకోవడం నామోషీ. "ధీమాగా ఉందా?" అన్నప్పుడు ఆలోచించి ఆరు వేశాడు. హిందీలో ఖీఝ్ అన్న చోట విసుగు సరిపోలేదు. విసుగు పని మీద కలుగుతుంది, ఇది తన కాలు మీద తనకే కలిగేది. చిరాకు కొంత దగ్గరగా వచ్చింది. మనస్సు తేలికగా ఉన్నదా అనే ప్రశ్న దగ్గర నేను వ్రాసిన "నిశ్చింతగా" అన్న పదాన్ని అతడే కొట్టివేయించి "నిమ్మలంగ" అని వ్రాయించాడు. "తెగువ" అని నేను ముచ్చటపడి పెట్టిన మాటను హిందీ మిత్రుడొకడు తిరిగి దుస్సాహస్ అని అనువదించేసరికి దానిని వదులుకున్నాను. ఇదంతా శాస్త్రీయమైన అనువాదం కాదు, ఒక్కడి కోసం చేసుకున్న సర్దుబాటు మాత్రమే. అయినా మొదట 84 వచ్చిన మొత్తం రెండవసారి 51 అయింది.

మరునాడు ఆ రెండు కాగితాలనూ చికిత్సాలయానికి తీసుకువెళ్ళాము. ఆ నిపుణురాలు పంజాబీ. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చదివి, "గుబులు" అంటే ఏమిటని అడిగింది. నేను హిందీలో వివరించబోయాను. ఆ యువకుడు అడ్డువచ్చి అరచేయి గుండెమీద పెట్టి చూపించాడు. పండుగ పోటీలు మానుకోమని ఆమె చెప్పింది. దానికి బదులు ఒక క్రమం వ్రాసి ఇచ్చింది: మొదట ఎవరూ లేకుండా గీత దాటి రావడం, తరువాత ఒక్కరు ఎదుట నిలబడగా, ఆ తరువాత ఆ ఒక్కరు కుడివైపు నుండి నెమ్మదిగా రాగా, చివరికి నిజమైన పట్టు. ప్రతి మెట్టు దగ్గరా ఆ ఒక్క ప్రశ్నకు మళ్ళీ అంకె వేయాలి. ఊరికి వెళ్ళనందుకు అతడు నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

మూడు నెలల తరువాత ఆ కాగితం మళ్ళీ నా కంటబడింది. నాలుగు క్రింద ఐదు, మళ్ళీ ఐదు, ఆ క్రింద ఏడు ఉన్నవి. ప్రశ్న ప్రక్కన మార్జిన్‌లో, ఘబరాహట్ అన్న మాటను కొట్టివేసి, ఆమె దేవనాగరి లిపిలో "గుబులు" అని వ్రాసుకున్నది.